జానెడు నేల లెక్క



ఈ శీర్షికలో మనం ప్రతి నెలా ఇంటి విషయాలనే ముచ్చటించుకుంటున్నాము. ఈసారి ఇంటి వెనుక ఉండే పెరటిని గురించి, ఆ పెరటిని కొలిచే కొలతలను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. గజాలు, మీటర్లు, సెంట్లు, గుంటలు లెక్కల పుస్తకానికి చెందినవి కదా, ధర్మంతో వాటికేమి పని అని కొందరికి అనిపించవచ్చు. కాని దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు కొలతల్లో, తూకాల్లో తగ్గించేవారి పేరే ఉన్నది. అదే సూరా అల్ ముతఫ్ఫిఫీన్. తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని అల్లాహ్ అందులో తీవ్రంగా హెచ్చరించాడు. మద్‌యన్ వాసుల వద్దకు పంపబడిన హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) దేవుని ఏకత్వాన్ని బోధించిన వెంటనే చెప్పిన మాట, కొలతలను, తూకాలను సరిగా ఉంచమనే. కనుక కొలత మన ధర్మానికి దూరపు విషయం కాదు. అది అంగడిలోనే కాదు, ఇంటి పెరటిలోనూ మన ఎదుట నిలుస్తుంది.

ఇటీవల ఒక కుటుంబ పెద్ద మా వద్దకు ఒక కాగితం తీసుకువచ్చారు. వారి అనుమతితో, ఊరు పేరు చెప్పకుండా, ఆ సంగతిని ఇక్కడ వివరిస్తున్నాము.

ఒక పెరడు, నలుగురు హక్కుదారులు

ఆ ఇంటి యజమాని అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె ఉన్నారు. ఖనన ఖర్చులు, అప్పులు అన్నీ తీరిపోయాయి. వీలునామా ఏదీ లేదు. ఇంటి సంగతి వేరుగా తేల్చుకుని, వెనుకనున్న పెరటిని పంచుకోవాలని వారు నిశ్చయించుకున్నారు. అది 60 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు గల చక్కని దీర్ఘచతురస్రం. రెండు కొబ్బరి చెట్లు, ఒక మామిడి, ఒక జామ, చివరన ఒక నిమ్మచెట్టు, దాని పక్కనే కరివేపాకు.

తండ్రిగారి కాలపు పాత దస్తావేజు శిథిలమైపోయింది. చేతిలో ఉన్న కొత్త పత్రంలో విస్తీర్ణం 250.84 చదరపు మీటర్లని ఉన్నది. ఇంట్లో అందరికీ గజాలే అలవాటు. పెద్ద కుమారుడు చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకున్నాడు: మీటరంటే గజం కంటే కొంచెం ఎక్కువ, సుమారు 1.1 గజం. ఆ లెక్కన 250.84ను 1.1తో హెచ్చవేశాడు. 276 గజాలు వచ్చింది. దానినే అందరూ సరేనన్నారు.

తరువాత షరీఅత్ ప్రకారం భాగాలు తేల్చారు. సంతానం ఉన్నందున తల్లికి ఎనిమిదవ వంతు. మిగిలినది ఐదు పాళ్ళు చేసి, ఒక్కో కుమారునికి రెండేసి పాళ్ళు, కుమార్తెకు ఒక పాలు. ఆ విధంగా తల్లికి 34.5 గజాలు, కుమారులకు 96.6 చొప్పున, కుమార్తెకు 48.3 గజాలు అని వ్రాసుకున్నారు. పంపకంలోని వంతులన్నీ సరైనవే. ఒక చివర నుండి మొదలుపెట్టి వెడల్పంతా కలిసేలా తాడు పట్టి మేకులు కొట్టారు. నాలుగు భాగాలూ పూర్తయ్యాక రెండవ చివరన, నిమ్మచెట్టు వైపు, దాదాపు ఐదు అడుగుల పట్టీ ఒకటి మిగిలింది. ఎవరికీ అది విచిత్రంగా తోచలేదు. గోడ పక్కన దారికి వదిలిన స్థలం కాబోలు అనుకున్నారు. ఆ చివరి భాగం పెద్ద కుమారునిది కాబట్టి పట్టీ కూడా అతని వైపే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు ఆ ఇంటి ఆడపడుచు కొడుకు, పాఠశాల విద్యార్థి, సెలవులకు వచ్చి ఆటగా టేపుతో పెరడంతా కొలిచాడు. 60ని 45తో హెచ్చవేసి 2,700 చదరపు అడుగులు అన్నాడు. తొమ్మిది చదరపు అడుగులు ఒక గజం కాబట్టి 300 గజాలు అన్నాడు. “మామూ, కాగితం మీద 276 ఎందుకుంది?” అని అడిగాడు. ఆ పిల్లవాని ప్రశ్నతో 24 గజాల నేల కాగితం మీదికి తిరిగి వచ్చింది.

ఆ సోదరి మాత్రం, “పోనీలే భాయిజాన్, నాలుగు గజాల కోసం ఇప్పుడు మాటలెందుకు?” అని అన్నదట. ఆ మాట విన్న తరువాత తనకు రాత్రి నిద్ర పట్టలేదని ఆ సోదరుడు మాతో చెప్పారు. అది నిజంగా పోనివ్వదగిన విషయమేనా అని తెలుసుకోవడానికే ఆయన వచ్చారు.

పొరపాటు ఎక్కడ జరిగింది?

ఆ సోదరుని జ్ఞాపకం తప్పు కాదు. మీటరు నిజంగానే సుమారు 1.1 గజం. ఖచ్చితంగా చెప్పాలంటే 1.0936 గజం. అయితే అది పొడవుకు సంబంధించిన లెక్క. నేలకు పొడవు, వెడల్పు రెండూ ఉంటాయి. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు గల చదరాన్ని గీసి, దాని మూలలో ఒక గజం పొడవు, ఒక గజం వెడల్పు గల చదరాన్ని గీసి చూడండి. పెద్ద చదరం చిన్నదానిని ఒక పక్కన మాత్రమే కాదు, రెండు పక్కలా మించిపోతుంది. అందుచేత 1.0936ను మరల 1.0936తో హెచ్చవేయాలి. అప్పుడు 1.196 వస్తుంది. అనగా ఒక చదరపు మీటరు దాదాపు 1.2 చదరపు గజాలకు సమానం, 1.1కి కాదు.

మన మాట తీరు కూడా ఈ పొరపాటుకు కొంత కారణమే. “రెండు వందల గజాల స్థలం” అంటాము. అక్కడ మన ఉద్దేశం చదరపు గజాలే అయినా, ‘చదరపు’ అనే మాట నోటి నుండి జారిపోయింది. గుడ్డ కొలిచే గజానికీ నేల కొలిచే గజానికీ ఒకే పేరు నిలిచిపోయింది. మాటలో లేని తేడాను మనసు కూడా మరచిపోతుంది.

ఇప్పుడు సరైన లెక్క చూద్దాం. 300 గజాలలో తల్లికి ఎనిమిదవ వంతు 37.5 గజాలు. కుమారులకు 105 చొప్పున. కుమార్తెకు 52.5. అన్నీ కలిపితే సరిగ్గా 300. చదరపు మీటర్లలో తల్లికి 31.36, కుమారులకు 87.79 చొప్పున, కుమార్తెకు 43.90. కుమార్తెకు తగ్గినది 4.2 గజాలు. తల్లికి తగ్గినది 3 గజాలు.

ఆ పెరడు వెడల్పు 45 అడుగులు గనుక, కుమార్తె భాగం లోతు 10 అడుగుల 6 అంగుళాలు ఉండాలి. మేకులు కొట్టినది 9 అడుగుల 8 అంగుళాల వద్ద. తేడా పది అంగుళాలు. మనిషి అరచేయి చాచితే బొటనవేలి కొన నుండి చిటికెనవేలి కొన వరకు సుమారు తొమ్మిది అంగుళాలు ఉంటుంది. దానినే మనం జాన అంటాము. అరబ్బీలో ‘షిబ్ర్’ అంటారు.

ఈ మాట చెప్పగానే ఆ సోదరుడు తల వంచుకున్నారు. ఎందుకో పాఠకులకు చెప్పనవసరం లేదు. అన్యాయంగా జానెడు నేలను ఆక్రమించుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల మేర దానిని చుట్టడం జరుగుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) తదితరులు ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. దైవప్రవక్త (స) ఆ హెచ్చరికకు ఎకరాలను కాక జానను కొలతగా తీసుకోవడంలో గొప్ప వివేకం ఉన్నది. ఎకరం పోతే ఎవరైనా గమనిస్తారు. జానెడు పోతే ఎవరూ గమనించరు. గమనించినవారు కూడా మొగమాటంతో ఊరుకుంటారు.

కొంచెమైనా, ఎక్కువైనా

దివ్య ఖుర్ఆన్ సూరా అన్ నిసాలో తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచివెళ్ళిన ఆస్తిలో పురుషులకూ స్త్రీలకూ భాగముందని ప్రకటిస్తూ, ఆ ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా ఆ భాగం నిర్ణయించబడినదేనని స్పష్టం చేయబడింది. ‘కొంచెమైనా’ అనే ఆ ఒక్క మాట ముందు “నాలుగు గజాలే కదా” అనే మాట నిలువదు.

ఆ సోదరి తన హక్కును అన్నకు ఇవ్వకూడదా అని మీరు అడగవచ్చు. తప్పక ఇవ్వవచ్చు. కాని ఇచ్చే ముందు తనది ఎంతో ఆమెకు తెలియాలి. అది ఆమె చేతికి రావాలి. ఆపైన మనఃపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇస్తే అది కానుక అవుతుంది. ఎంత పోయిందో తెలియక, లేదా తెలిసినా పుట్టింటి గడప దూరమవుతుందన్న భయంతో నోరు మెదపకపోతే అది కానుక కాదు. మన ఇళ్ళలో ఆడపడుచుల మౌనాన్ని అంగీకారంగా భావించే అలవాటు పాతుకుపోయింది. ఈ విషయంలో అన్నదమ్ములు తమ మనసును తామే నిలదీసి అడగాలి.

తెలియక జరిగిన పొరపాటుకు అల్లాహ్ పట్టుకోడని, మనసారా చేసిన దానికే బాధ్యత ఉంటుందని దైవగ్రంథం మనకు ఊరటనిస్తున్నది. ఆ సోదరునికి మేము ఈ మాటనే చెప్పాము. అయితే దానితో పాటు మరొక మాట కూడా చెప్పాము: ‘పొరపాటుకు పాపం అంటకపోవచ్చును గాని, హక్కు మాత్రం తీరిపోదు. తెలిసిన క్షణం నుండి అది మీ చేతిలోని అమానతు. ఇకపై ఆ పట్టీ మీ వైపే ఉంటే దానిని పొరపాటు అనడానికి వీలుండదు.’

వారు మరుసటి శుక్రవారమే మేకులు పీకి, తాడు మరల పట్టారు. తల్లికి ఏడున్నర అడుగులు, కుమార్తెకు పదిన్నర, కుమారులకు 21 చొప్పున. కలిపితే 60. ఏ చివరనా ఏ పట్టీ మిగలలేదు. ఈసారి తల్లి, కుమార్తె భాగాలను పక్కపక్కన, నిమ్మచెట్టు వైపు పెట్టారు.

గుర్తుంచుకోవలసిన కొలతలు

ఇలాంటి ఇబ్బంది మన పాఠకులలో మరెవరికీ రాకుండా, నిత్యం అవసరమయ్యే కొలతలను ఇక్కడ పొందుపరుస్తున్నాము. కత్తిరించి దస్తావేజుల సంచిలో దాచుకోదగినవి.

ఒక అడుగు = 0.3048 మీటరు. ఒక గజం = 0.9144 మీటరు.
ఒక చదరపు గజం = 9 చదరపు అడుగులు = 0.8361 చదరపు మీటరు.
ఒక చదరపు మీటరు = 10.764 చదరపు అడుగులు = 1.196 చదరపు గజాలు.
ఒక సెంటు = 48.4 చదరపు గజాలు = 435.6 చదరపు అడుగులు = 40.47 చదరపు మీటర్లు.
ఒక గుంట = 121 చదరపు గజాలు = 1,089 చదరపు అడుగులు = 101.17 చదరపు మీటర్లు.
ఒక ఎకరం = 100 సెంట్లు = 40 గుంటలు = 4,840 చదరపు గజాలు = 4,046.86 చదరపు మీటర్లు.
ఒక హెక్టారు = 10,000 చదరపు మీటర్లు = 2.471 ఎకరాలు.

నోటి లెక్కకు ఒక సులువు కూడా ఉన్నది. చదరపు మీటర్లను గజాలు చేయాలంటే ఐదవ వంతు కలపండి. 250కి 50 కలిపితే 300. గజాలను చదరపు మీటర్లు చేయాలంటే ఆరవ వంతు తీసివేయండి. 300 నుండి 50 తీసివేస్తే 250. ఈ సులువులో సుమారు మూడు వందలకు ఒకటి చొప్పున తేడా వస్తుంది. మాటల్లో చెప్పుకోవడానికి అది చాలును. పంపకానికి, క్రయ విక్రయాలకు మాత్రం పూర్తి లెక్కే వేయాలి.

మన దేశంలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే నడుస్తున్నాయి. తూనికలు, కొలతల ప్రమాణాలపై 1956లో చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలులోకి వచ్చింది. బియ్యం సేర్ల నుండి కిలోలకు మారింది. పాలు లీటర్లలోకి మారాయి. నేల మాత్రం మన నోట గజాలలోనే, ఎకరాలలోనే ఉండిపోయింది. ‘గజం’ అనే మాట పారశీకంలోని ‘గజ్’ నుండి వచ్చినది. అక్బరు చక్రవర్తి కాలంలో ‘ఇలాహీ గజం’ అనే ప్రమాణం ఉండేది. ఆ గజం, నేడు మనం వాడే మూడడుగుల గజం ఒకటి కావు. పేరు ఒకటే అయినా కొలత మారవచ్చునని చెప్పడానికి ఇదొక నిదర్శనం.

పేరొకటి, కొలత వేరొకటి

తెలంగాణలో ఎకరం క్రింద గుంటలు లెక్కిస్తారు. కోస్తాలో, రాయలసీమలో సెంట్లు లెక్కిస్తారు. ఇక్కడొక ప్రమాదం పొంచి ఉన్నది. కాగితం మీద ‘2.20’ అని ఉన్నదనుకోండి. గుంటల లెక్కలో అది రెండెకరాల ఇరవై గుంటలు, అనగా సరిగ్గా రెండున్నర ఎకరాలు. సెంట్ల లెక్కలో అది రెండెకరాల ఇరవై సెంట్లు మాత్రమే. రెండింటి మధ్య తేడా 1,452 గజాలు. ఒక ప్రాంతపు అమ్మాయిని మరొక ప్రాంతపు ఇంటికి ఇచ్చి, మహర్‌గానో కానుకగానో భూమిని వ్రాసే సందర్భాలలో ఈ చుక్క వెనుక ఉన్నది గుంటలో, సెంట్లో అక్షరాలలో వ్రాయించుకోవాలి. అంకణం అనే కొలత ఒకచోట 36 చదరపు అడుగులుగా, మరోచోట 72 చదరపు అడుగులుగా చెలామణిలో ఉన్నది. అక్కడ కూడా ఇదే జాగ్రత్త అవసరం.

అడుగులు, అంగుళాలలోనూ చుక్క మోసం చేస్తుంది. 30 అడుగుల 6 అంగుళాలు అంటే 30.5 అడుగులు, 30.6 కాదు. అడుగుకు పది కాదు, పన్నెండు అంగుళాలు. గల్ఫ్ దేశాలలో ఉన్న సోదరులు ఊరిలోని స్థలం లెక్కను ఫోనులోని యంత్రంతో వేసి పంపుతుంటారు. యంత్రం తప్పు చేయదు. కాని మనం ఇచ్చిన అంకె తప్పయితే అది తప్పు జవాబునే తప్పులేకుండా చెబుతుంది.

‘పది మీటర్ల చదరం’ అన్నా, ‘పది చదరపు మీటర్లు’ అన్నా ఒకటేనని కొందరు అనుకుంటారు. మొదటిది పక్కకు పది మీటర్లు గల చదరం, అనగా నూరు చదరపు మీటర్లు. రెండవది దానిలో పదవ వంతు. ఒప్పంద పత్రాలలో ఈ రెండు మాటలను కలగాపులగం చేయరాదు.

వంకర నేలను కొలిచేటప్పుడు

అన్ని పెరళ్ళూ దీర్ఘచతురస్రాలు కావు. ఎదురెదురు భుజాలను కూడి సగం చేసి, ఆ రెండు సగటులను హెచ్చవేసే పద్ధతి ఊళ్ళలో వాడుకలో ఉన్నది. మూలలు సరిగ్గా మట్టానికి ఉంటేనే అది నిజమైన విస్తీర్ణాన్ని ఇస్తుంది. మూలలు వంగి ఉంటే లెక్క ఎప్పుడూ అసలు కంటే ఎక్కువే వస్తుంది. ఉదాహరణకు నాలుగు వైపులా 30 అడుగులు ఉండి, ఒక పక్కకు ఒరిగిన నేలను తీసుకోండి. ఎదురెదురు భుజాల మధ్య సూటి దూరం 27 అడుగులే ఉన్నదనుకోండి. ఈ పద్ధతిలో 100 గజాలు అని తేలుతుంది. ఉన్నది 90 గజాలే. కొనేవాడు లేని పది గజాలకు డబ్బు చెల్లిస్తాడు.

దీనికి మార్గం సులభమే. మూల నుండి మూలకు తాడు పట్టి నేలను రెండు త్రిభుజాలుగా విడదీయాలి. ఆ తాడును ఆధారంగా తీసుకుని, ఎదుటి మూల నుండి దానికి లంబంగా గల దూరాన్ని కొలవాలి. రెండింటినీ హెచ్చవేసి సగం చేస్తే ఒక త్రిభుజం విస్తీర్ణం వస్తుంది. రెండు త్రిభుజాలనూ కలిపితే నేల మొత్తం తేలుతుంది. మూల మట్టంగా ఉన్నదో లేదో తెలియాలంటే ఒక వైపు మూడడుగులు, మరో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఐదడుగులు ఉంటే మూల మట్టమైనదే.

ఈ విద్య మన పూర్వీకులకు కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో, ఖలీఫా మామూన్ పాలనలో, బగ్దాదు నగరంలో అల్ ఖ్వారిజ్మీ ‘అల్ జబ్ర్ వల్ ముఖాబలా’ అనే గ్రంథాన్ని రచించాడు. బీజగణితానికి ‘ఆల్జీబ్రా’ అనే పేరు దాని నుండే వచ్చింది. ఆ గ్రంథంలో బీజగణితంతో పాటు నేలను కొలవడంపై ఒక భాగం, వీలునామాలు, వారసత్వ పంపకాలపై ఒక పెద్ద భాగం ఉన్నాయి. సమీకరణాలు, త్రిభుజాలు, ఆడపిల్లల వాటాలు ఒకే గ్రంథంలో చోటు చేసుకున్నాయి. ఖుర్ఆన్ నిర్ణయించిన వంతులను నేల మీద సరిగ్గా దింపాలంటే లెక్క తెలియాలని ఆ పండితులు గ్రహించారు. నేడు మన పిల్లలు గణితాన్ని పరీక్షలో మార్కుల కోసమే చదువుతున్నారు. అది మేనత్త హక్కును, నాయనమ్మ హక్కును కాపాడే సాధనమని ఇంట్లో ఎవరైనా చెబితే వారికి దాని మీద గౌరవం పెరుగుతుంది. పైన చెప్పిన ఇంటిలో ఆ పని చేసింది ఒక పిల్లవాడే.

మొక్కల పాలు

కొలత పంపకానికే కాదు, పెంపకానికి కూడా అవసరమే. ఎరువుల సంచి మీద, మందు పొట్లం మీద మోతాదును చదరపు మీటరుకు ఇంత అని ముద్రిస్తారు. మన మడిని మనం గజాలలో ఎరుగుదుము. చదరపు మీటరుకు 50 గ్రాములు వేయమని ఉన్నదనుకుందాం. 12 గజాల ఆకుకూరల మడి అంటే పది చదరపు మీటర్లు. దానికి అర కిలో సరిపోతుంది. గజాన్నే మీటరుగా భావిస్తే 600 గ్రాములు పడుతుంది, ఐదవ వంతు అదనం. పశువుల ఎరువైతే నష్టం లేదు. రసాయనమైతే వేళ్ళు మాడవచ్చు. మిగిలినది నేలలోకి, నీటిలోకి చేరుతుంది.

నీటి విషయంలో మెట్రిక్ కొలత చాలా సుఖమైనది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీరు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. పది చదరపు మీటర్ల మడికి ఐదు మిల్లీమీటర్ల తడి కావాలంటే 50 లీటర్లు. బిందెల లెక్కలో ఇల్లాలు దానిని సులువుగా సరిచూసుకోగలదు. సూరా అల్ అన్ఆమ్‌లో తోటలను, పండ్లను తన అనుగ్రహాలుగా పేర్కొన్న అల్లాహ్, పంట కోసిన దినాన దాని హక్కును చెల్లించమని, వృథా చేయవద్దని ఆదేశించాడు. తోటకు సంబంధించిన ఆ మాట నీటికీ, ఎరువుకూ కూడా వర్తిస్తుంది.

ఇంటి పెద్దలకు విన్నపం

స్థలం పంచుకునేటప్పుడు, కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఈ కొన్ని నియమాలను పాటించవలసిందిగా కోరుతున్నాము.

మొదట, కాగితం మీది అంకెతో ఆగిపోకుండా నేల మీద టేపు పట్టండి. రెండూ కలవకపోతే కారణం తెలిసేవరకు పంపకం ఆపండి. ఏ చివరనైనా స్థలం ‘మిగిలింది’ అంటే దానికి హక్కుదారు ఉన్నాడని అర్థం.

రెండవది, ఒకే కొలతలో మొదలుపెట్టి అదే కొలతలో ముగించండి. మార్చవలసి వస్తే చివరన ఒక్కసారే మార్చండి. మధ్యలో ప్రతి అడుగునా అంకెలను సవరించుకుంటూ పోతే తేడాలు పేరుకుంటాయి.

మూడవది, చివరన అంకెను కుదించవలసి వస్తే ఆ మొగ్గు అవతలివారి వైపు ఉండనివ్వండి. తూచి ఇచ్చే వ్యక్తితో కాస్త మొగ్గు ఉండేలా తూచమని దైవప్రవక్త (స) చెప్పినట్లు హదీసులో ఉన్నది. పంపకాన్ని చేతిలో పెట్టుకున్న పెద్దన్నకు ఇది ఆదర్శం కావాలి.

నాలుగవది, కొలిచేటప్పుడు హక్కుదారులందరినీ పిలవండి. ముఖ్యంగా ఆడపడుచులను, తల్లిని పిలవండి. టేపు ఒక కొన వారి చేతికే ఇవ్వండి. లెక్కను అందరికీ అర్థమయ్యే కొలతలో చదివి వినిపించండి. వారసుల సంఖ్యను బట్టి వాటాలు మారుతాయి కనుక మీ కుటుంబపు వాటాలను ధార్మిక పండితులను అడిగి నిర్ధారించుకోండి.

ఐదవది, హద్దురాళ్ళను జరపకండి, జరపనివ్వకండి. నేల హద్దు గుర్తులను మార్చేవానిని అల్లాహ్ శపించాడని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉన్నది.

హజ్రత్ అబూ తల్హా (రజి) తనకు అత్యంత ప్రియమైన ‘బైరుహా’ తోటను అల్లాహ్ మార్గంలో సమర్పించదలచినప్పుడు, దానిని తన దగ్గరి బంధువులకు పంచమని దైవప్రవక్త (స) సలహా ఇచ్చారు. ఆయన అలాగే పంచారు. తనకు హక్కుగా ఉన్న తోటనే బంధువులకు పంచి ఇచ్చినవారు మన మార్గదర్శకులు. బంధువులకు హక్కుగా ఉన్నదానిని కొలిచి అప్పగించడం అంతకంటే ఎంతో తేలికైన పని.

మా వద్దకు వచ్చిన ఆ సోదరుడు ఆ తరువాత ఒకసారి కబురు పంపారు. నిమ్మచెట్టు ఇప్పుడు చెల్లెలి భాగంలో ఉన్నదట. మొదటి కాపు కాయలను ఆమె ఒక సంచిలో వేసి, అన్న ఇంటికే పంపిందట. మొదట ‘పోనీలే’ అన్న ఆమె, ఇప్పుడు తన చెట్టు కాయలని చెప్పి ఇవ్వగలిగింది. రెండింటిలో ఏది బంధాన్ని బలపరుస్తుందో పాఠకులే ఆలోచించగలరు.

కొలిచేటప్పుడు మన చేతులను నిజాయితీగా, పంచేటప్పుడు మన మనసులను విశాలంగా ఉంచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! తెలియక మన వైపు చేరిన జానెడు నేలనైనా ఈ లోకంలోనే తిరిగి ఇచ్చివేసే శక్తిని అనుగ్రహించుగాక! ఆమీన్.